నేల చల్లగా, ఇల్లు వెచ్చగా

ఇంటి కింద గాలి ఆడకపోతే ఇల్లు కుంగిపోయే ఊళ్లున్నాయంటే నమ్ముతారా మీరు? నమ్మరు. పునాది ఎంత లోతుకు పోతే ఇల్లు అంత గట్టిదని మన మేస్త్రీలు చెబుతుంటారు. మన నేలకు అది నిజమే. కెనడా దేశానికి నెత్తిమీద, ఉత్తర ధ్రువం వైపున్న ఊళ్లలో ఆ మాటంటే అక్కడి మేస్త్రీ నవ్వి ఊరుకుంటాడు. ఇలా దగ్గరికి జరగండి, ఆ సంగతి చెబుతాను. ఒరేయ్ చిన్నోడా, ఆ జంతికల డబ్బా అందరి ముందూ పెట్టు, ఒళ్లో దాచుకోకు.

కెనడాకు ఉత్తరాన మూడు పెద్ద ప్రాంతాలున్నాయి. యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్, నునావుట్. ఇందులో నునావుట్ అన్నిటికన్నా చిన్నపిల్ల. 1999 ఏప్రిల్ 1న విడిగా ఏర్పడింది. పేరుకు చిన్నపిల్లే గానీ ఒళ్లు చూస్తే గుండె ఆగుతుంది! దాదాపు 20.9 లక్షల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే 2.75 లక్షలు. అంటే ఏడింతలకు పైమాటే. మరి అంత చోటులో జనం ఎంతమంది? 2021 జనాభా లెక్కల్లో 36,858 మంది. మన దగ్గర ఓ మాదిరి పట్నంలో అంతకన్నా ఎక్కువమందే ఉంటారు. వాళ్లంతా 25 ఊళ్లలో సర్దుకుని ఉంటారు. ఎక్కువమంది ఇన్యుయిట్ అనే జాతి వాళ్లు, వేల ఏళ్లుగా ఆ మంచు సీమనే నమ్ముకున్నవాళ్లు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. దక్షిణాది పట్నాల నుంచి కూడా రోడ్డు లేదు. విమానం ఉంది, ఎండాకాలం నాలుగు నెలలు ఓడ ఉంది. అంతే.

"రోడ్డు లేకపోతే ఇసుక ఎలా తెస్తారు తాతయ్యా?" అంటోంది అమ్మలు. దీనికి బుర్ర బాగా పనిచేస్తుంది. ఉండమ్మా, ఓడ దగ్గరికి తర్వాత వస్తాను. ముందు నేల సంగతి తెలియాలి.

అక్కడి నేల గడ్డకట్టిన నేల. పైపైన కాదు, లోపలికంటా. వరసగా రెండేళ్లో అంతకన్నా ఎక్కువో సున్నా డిగ్రీలకు పైకి రాని నేలను శాస్త్రవేత్తలు పర్మాఫ్రాస్ట్ అంటారు. ధ్రువం వైపు పోయేకొద్దీ ఇది వందల మీటర్ల లోతుంటుంది. ఎండాకాలంలో పైన ఒక మీటరో, అటూ ఇటుగానో కరిగి బురదవుతుంది. చలి రాగానే మళ్లీ బిగుసుకుంటుంది. నీళ్లు మంచుగడ్డగా మారితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి కదా, అందుకే ఆ పైపొర ఏటా ఊపిరి తీసి వదిలినట్టు లేస్తుంది, దిగుతుంది. దాని మీద ఇల్లు పెడితే అదీ లేస్తుంది, దిగుతుంది. అన్ని మూలలూ ఒక్కలాగే కదిలితే ఫరవాలేదు, అలా కదలవు! ఈ మూల బెత్తెడు లేస్తే ఆ మూల రెండు వేళ్లు. తలుపు పట్టేస్తుంది, కిటికీ అద్దం పగులుతుంది.

ఇంకో తిరకాసు చూడండి. బయట మైనస్ 30 ఉన్నప్పుడు ఇంట్లో 20 డిగ్రీలు ఉండాలంటే రాత్రీ పగలూ పొయ్యి వెలగాలి. ఆ వేడి నేలలోకి దిగితే కింద మంచు కరుగుతుంది. కొన్నిచోట్ల ఆ నేలలో మట్టి కన్నా మంచే ఎక్కువ. అది నీళ్లై జారిపోతే మిగిలిన మట్టి ఎంత, అది మోసే బరువెంత? తనను మోస్తున్న నేలను ఇల్లు తానే కరిగించుకుంటుంది. యూకాన్‌లో డాసన్ అని ఒక ఊరుంది. 1890ల చివర్లో బంగారం కోసం జనం ఎగబడ్డ ఊరు. అక్కడ ఆనాటి దుకాణాలు రెండు మూడు కింద నేల కరిగి ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయాయి. 'ముద్దుపెట్టుకునే భవనాలు' అని పేరుపెట్టి యాత్రికులకు చూపిస్తారు. నవ్వకండర్రా, కట్టుకున్నవాడి ప్రాణానికి తెలుస్తుంది.

అందుకని అక్కడి వాళ్లు ఇంటిని నేలకు తాకనివ్వరు. గడ్డకట్టిన పొరలోకి బాగా లోతుగా స్తంభాలు దించి వాటి మీద నిలబెడతారు. లేదంటే కంకర మెత్త పరిచి, దాని మీద మరలు తిప్పి ఎత్తు సర్దుకునే ఇనుప జాకీలు పెడతారు. ఇల్లు ఒరిగిందనిపిస్తే రసమట్టం పెట్టి చూసి, జాకీ తిప్పి సరిచేస్తారు. నేలకూ ఇంటికీ మధ్య ఖాళీ ఉంటుంది. చలిగాలి దాంట్లోంచి దూసుకుపోతూ ఇంటి వేడిని ఊడ్చుకుపోతుంది, నేల నేలలాగే గడ్డకట్టి ఉంటుంది. పెద్ద భవనాల కింద ఇంకో చక్కని ఉపాయం చేస్తారు. నేలలోకి గొట్టాలు దించి వాటిల్లో బొగ్గుపులుసు వాయువు లాంటిది నింపి మూసేస్తారు. నేలలో వేడికి అడుగునున్న ద్రవం ఆవిరై పైకి లేస్తుంది. పైన చలికి మళ్లీ ద్రవమై కిందికి జారుతుంది. అలా నేలలో వేడిని దోసిళ్లతో తోడి గాలిలో పారబోస్తుంటుంది. కరెంటు లేదు, పంపు లేదు! బయట నేల కన్నా చల్లగా ఉన్నంతకాలం దానంతటదే పనిచేస్తుంది, ఎండాకాలం రాగానే దానంతటదే ఆగిపోతుంది. అలాస్కా చమురు గొట్టపు మార్గాన్ని మోసే స్తంభాల్లోనూ ఇలాంటివే ఉన్నాయి. ఇది ఎవరికి తట్టిందో గానీ, ఎప్పుడు తలుచుకున్నా నాకు ముచ్చటేస్తుంది.

ఇప్పుడు నా మాట కాస్త జాగ్రత్తగా వినండి. ఇంటి కింద ఖాళీ కనబడితే మనిషికి చెయ్యి ఊరుకోదు. పాత సామాను తోసేస్తాడు. గాలి రాకుండా చుట్టూ చెక్కలు కొడతాడు, కాళ్ల కింద గచ్చు చల్లగా ఉందని. లేదా మంచు కొట్టుకొచ్చి అక్కడ పేరుకుంటే ఊడ్చడు. పేరుకున్న మంచు చల్లగానే ఉంటుంది కదా, మంచిదేగా అనిపిస్తుంది. కాదు. మంచులో గాలి చిక్కుకుని ఉంటుంది, అది కంబళి పనిచేస్తుంది. ఆ కంబళి కింద నేల చలి తగలక మెత్తబడుతుంది. ఇంతా చేసి ఇంటి ఆయువు పెంచేది పార పుచ్చుకుని మంచు తోడెయ్యడం, ఏడాదికోసారి జాకీలు చూసుకోవడం. ఈ పనికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు చాలా తక్కువ. కొత్త ఇంటికి రిబ్బను కత్తిరిస్తే ఫొటో వస్తుంది, జాకీ తిప్పితే ఏ పేపరు వాడూ రాడు. ఉత్తరాది ఊళ్ల ఇళ్ల విధానంలో సగం రోగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

సరే, అమ్మలు అడిగిన ఇసుక. అక్కడ ఇటుకా సిమెంటూ మనలా వాడరు, ఇళ్లు కలపతో కడతారు. కానీ నునావుట్‌లో చాలాచోట్ల ఒక్క చెట్టు ఉండదు. చెట్లు మొలిచే గీత దాటి పైకి వెళ్లిపోయాం కదా మనం! కాబట్టి కర్ర, మేకు, కిటికీ, పొయ్యి, ఆఖరికి మరుగుదొడ్డి మూత కూడా దక్షిణాది నుంచి ఓడలో రావాలి. సముద్రం మీద మంచు పగిలిన తర్వాత, అంటే జులై నుంచి అక్టోబరు దాకా ఓడలు వస్తాయి. ఒక్కో ఊరికి ఏడాదిలో ఒకటో రెండో మూడో. రేవు లేని ఊళ్లే ఎక్కువ. ఓడ దూరంగా నిలబడితే బల్లకట్టు పడవల మీద సరుకు ఒడ్డుకు చేర్చాలి, అదీ పోటు చూసుకుని. రాజధాని ఇకాలుయిట్‌లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం పది మీటర్లకు పైగా తేడా వస్తుంది. అక్కడ ఓడలు నేరుగా ఆగే రేవు 2023లో గానీ అందుబాటులోకి రాలేదు.

ఓడలో ఒక పెట్టె మేకులు మరిచిపోతే? విమానంలో తెప్పించాలి, మేకు ధర వెండి ధరవుతుంది. లేదా వచ్చే ఏడాది దాకా కూర్చోవాలి. ఒక్కోసారి ఓడే రాదు. 2018లో మంచు అడ్డం పడి పాలటుక్, కుగ్లుక్టుక్, కేంబ్రిడ్జ్ బే ఊళ్లకు రావలసిన బల్లకట్లు ఆగిపోయాయి.

దీనికీ విధానానికీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. కెనడా సర్కారు లెక్కల సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. ఇంటి కప్పు కారుతోందని ఒక ముసలాయన దరఖాస్తు పెట్టాడనుకోండి. కాగితం తిరిగి తిరిగి ఆగస్టులో మంజూరైతే ఏం లాభం? ఓడకు సరుకు అప్పజెప్పే గడువు అప్పటికే దాటిపోయింది. వచ్చే ఏడు ఓడ వచ్చేసరికి ఈ ఏటి డబ్బు మురిగిపోతుంది. ఆకుమడి ఎండిపోయాక కాలవకు నీళ్లు వదిలినట్టు. అందుకే ఆ ఊళ్లకు డబ్బు ఏటికేడు కాకుండా నాలుగైదేళ్లకు కలిపి ఇవ్వాలి, మంజూరు పత్రం శీతాకాలంలోనే చేతికందాలి, మామూలుగా చెడిపోయే వస్తువులు ఊళ్లోనే ఒక గోదాములో ముందుగా నిలవ ఉండాలి. 2017లో కెనడా సెనేట్ కమిటీ ఒకటి ఇన్యుయిట్ ఊళ్ల ఇళ్ల మీద నివేదిక ఇచ్చినప్పుడు, దీర్ఘకాలం నమ్మకంగా వచ్చే నిధులు కావాలని అదీ చెప్పింది. ఢిల్లీలోనైనా ఒట్టావాలోనైనా క్యాలెండరు గీసే వాళ్లకు ఓడలు కనబడవు మరి.

ఇప్పుడు ఇంటి లోపలికి వెళదాం. ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసి బల్ల మీద పెడితే ఏమవుతుంది? చెమట పడుతుంది. సీసా కారుతోందా? లేదు. గాలిలో కంటికి కనబడని నీటి ఆవిరి చల్లని సీసా తగలగానే నీటిబొట్టు అయిపోతుంది. వెచ్చని గాలి ఆవిరిని ఎక్కువ మోస్తుంది, చల్లని గాలి మోయలేదు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 17 గ్రాముల దాకా నీటిని మోస్తుంది. సున్నా దగ్గర 5 గ్రాములు కూడా మోయలేదు. మైనస్ 30 దగ్గర అర గ్రాముకే చేతులెత్తేస్తుంది.

ఇప్పుడు ఆ ఇల్లే సీసా అనుకోండి, కాకపోతే చల్లదనం బయట, ఆవిరి లోపల. మనం ఊపిరి వదిలితే ఆవిరి. అన్నం వార్చితే ఆవిరి, స్నానం చేస్తే ఆవిరి, తడిబట్ట ఆరేస్తే ఆవిరి. నలుగురున్న కాపురంలో రోజుకు పది లీటర్ల దాకా నీరు గాలిలో కలుస్తుంది. ఆ ఆవిరి గోడలో ఎక్కడో చిన్న సందు చూసుకుని దూరి, చల్లని పొర తగలగానే నీరై, మంచై, గోడ లోపలే కూర్చుంటుంది. వసంతంలో కరిగి కర్రను నానబెడుతుంది. అక్కడ నల్లగా బూజు పుడుతుంది. దాన్ని ఆపడానికి గోడకు వెచ్చని వైపున, అంటే లోపలి వైపు, పాలిథిన్ షీటు పరుస్తారు. మనలాంటి ఉక్కపోత ఊళ్లో ఏసీ వేసుకుని లోపలివైపు అదే పని చేస్తే తిరగబడుతుంది. వెచ్చదనం ఏ వైపుందో అదే షీటుకు సరైన వైపు. ఒక దేశపు నియమం ఇంకో దేశంలో పెడితే ఇల్లే కుళ్లిపోతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి!

ఇక్కడ లెక్కల పుస్తకం కూడా తెరవాలి. ఆ ఇళ్లు నలుగురికని గీసినవి, కొన్నిట్లో ఉంటున్నది తొమ్మిది పది మంది. ఇన్యుయిట్ సీమలో ఉండే ఇన్యుయిట్‌లలో సగానికి పైగా జనం ఇరుకిళ్లలో ఉంటున్నారని 2021 లెక్కలు చెప్పాయి. మనుషులు రెట్టింపైతే ఆవిరి రెట్టింపు, బూజు రెట్టింపు. దగ్గూ తుమ్మూ పంచుకోవడం అంతకు మించి. క్షయ రోగం అక్కడ ఇన్యుయిట్‌లలో, కెనడాలోనే పుట్టిన ఆదివాసీయేతరులతో పోలిస్తే దాదాపు 300 రెట్లు ఎక్కువన్నది 2016 నాటి లెక్క. మూడు వందల శాతం కాదర్రా, మూడు వందల రెట్లు. 2030 నాటికి దాన్ని తుడిచేస్తామని సర్కారు 2018లో మాట ఇచ్చింది. మందుబిళ్లలు కావాలి, కాదనను. కానీ పడుకోవడానికి ఇంకో గది లేకపోతే ఆ బిళ్లలు ఎంతని పనిచేస్తాయి?

"కిటికీ తెరిస్తే ఆవిరి పోతుందిగా?" అంటున్నాడు చిన్నోడు. పోతుంది, దాంతోపాటు పొయ్యిలో కాల్చిన నూనె డబ్బంతా పోతుంది. ఆ చిక్కు తీర్చడానికే ఒక పెట్టె కనిపెట్టారు. లోపలి మురికి గాలి వెచ్చగా బయటికి పోతూ, బయటి మంచిగాలి చల్లగా లోపలికి వస్తూ, పలచని రేకుల మధ్య ఒకదాని పక్కనుంచి ఒకటి వెళతాయి. గాలులు కలవవు, వేడి మాత్రం చేతులు మారుతుంది. 1977లో కెనడాలోనే, రెజైనా అనే పట్నంలో ఒక ప్రయోగపు ఇల్లు కట్టి అందులో ఇలాంటి పెట్టె పెట్టారు. మందపాటి గోడలు, ఎక్కడా సందు లేకుండా బిగించిన ఇల్లు. తర్వాత ఐరోపాలో పుట్టిన అతి తక్కువ వేడితో నడిచే ఇళ్లకు అదొక స్ఫూర్తి. నునావుట్‌లో పసిపిల్లలున్న ఇళ్లలో ఈ పెట్టెలు పెట్టి చూశారు కూడా. పిల్లల్లో పిల్లికూతలు తగ్గాయని 2009లో వెలువడిన పరిశోధన చెప్పింది. అయితే ఆ పెట్టెకు జల్లెడ ఉంటుంది, అది మూసుకుపోతుంది. మరీ చలిలో లోపలి రేకులకు మంచు పడుతుంది. రొద పెడుతోందని ఎవరో ఆపేస్తారు. పెట్టడానికి డబ్బిచ్చిన పథకం, జల్లెడ మార్చడానికి ఇవ్వకపోతే గోడకు ఇంకో అలంకారం అయింది, అంతే!

ఇంట్లో సందులెక్కడున్నాయో పట్టడానికి కూడా పద్ధతుంది. వీధి తలుపులో పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లో గాలిని బయటికి లాగుతారు. లోపలా బయటా ఒత్తిడి తేడా 50 పాస్కల్స్ వచ్చేదాకా లాగి, ఆ తేడా నిలబెట్టడానికి ఎంత గాలి తోడాల్సి వస్తోందో కొలుస్తారు. ఇల్లు ఎంత కారుతోందో అంకెల్లో తేలిపోతుంది. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ఆర్కిటిక్ ఎనర్జీ అలయన్స్ అనే సంస్థ ఇళ్ల యజమానులకు ఈ పరీక్ష చేసిపెడుతుంది. మీరు కూడా చెయ్యొచ్చు. రేపు వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, కిటికీలన్నీ మూసి, తలుపు సందుల దగ్గర అగరుబత్తి పట్టి చూడండి. పొగ ఎటు వంగితే అటు గాలి నడుస్తున్నట్టు. బామ్మను అడిగి చెయ్యండి, కర్టెన్ల దగ్గర వద్దు.

మరి ఆ ఇళ్లు ఎవరివి? కథలో చిక్కుముడి అక్కడుంది. ఇన్యుయిట్‌లు తరతరాలుగా వేట వెంట తిరిగిన జనం. చలికాలంలో మంచుగడ్డ ఇల్లు, ఎండాకాలంలో తోలు గుడారం. 1950లు, 60లలో బడి కోసమనీ వైద్యం కోసమనీ ఊళ్లలోకి చేర్చారు. కొందరు వచ్చారు, కొందరిని రప్పించారు. ఇళ్లిస్తామన్నారు. ఇచ్చినవి అగ్గిపెట్టెలంత ఉన్నాయని వాటికి అగ్గిపెట్టె ఇళ్లనే పేరొచ్చింది. కొనుక్కోమంటే నూనె ఖర్చుకే చాలని జీతాలు, దాంతో అద్దె పద్ధతి తెచ్చారు. 1993లో కేంద్రం కొత్త ప్రభుత్వ గృహాలకు డబ్బు ఆపేసింది. జనం పెరుగుతూనే ఉన్నారు. ఇవాళ నునావుట్‌లో సగానికి పైగా జనం ప్రభుత్వపు అద్దె ఇళ్లలోనే ఉన్నారు. సొంతింటి వాళ్లు ఐదు కాపురాల్లో ఒకటి. దేశం మొత్తం మీద చూస్తే మూడింట రెండు.

మధ్యలో ఒక మంచి పని జరిగింది. 1980ల్లో నార్త్‌వెస్ట్ టెరిటరీస్ గృహ సంస్థ, నునావుట్ అప్పటికి ఇంకా దాంట్లో భాగమే, ఇంటికి కావలసిన సామానంతా కట్టగట్టి ఓడలో పంపి, నువ్వే కట్టుకో, చాకిరీ నీ వాటా అంది. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి కట్టుకున్నారు. ఆ ఇళ్లు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. తన చేత్తో మేకు కొట్టినవాడికి గోడలో ఏముందో తెలుస్తుంది, చెడితే బాగుచేసుకుంటాడు. ఆ పథకాన్ని ఆపడం పొరపాటని నేనంటాను. మళ్లీ తెస్తే, ఈసారి సామానుతో పాటు నేర్పే మేస్త్రీని కూడా పంపాలి.

సొంతింటి వాడి కష్టాలు విన్నారా, మనకు కొత్తగా ఉంటాయి. మొదట భూమి. నునావుట్ ఊళ్లలో స్థలం అమ్మరు, దీర్ఘకాలానికి లీజుకిస్తారు. అమ్ముకునే హక్కు ఊళ్లకు ఇవ్వాలా అని 2016 మేలో ఓటు పెడితే 25 ఊళ్లూ వద్దన్నాయి. 1995లో అడిగినప్పుడూ వద్దనే అన్నారు. భూమి అందరిదీ, డబ్బున్నవాడు వచ్చి కొనేస్తే మనవలకేం మిగులుతుందని వాళ్ల బెంగ. కొందరు ఆర్థికవేత్తలకు అది అడ్డంకిగా కనబడుతుంది. నాకలా అనిపించదు. లీజు గడువు అప్పు గడువు కన్నా చాలా పొడుగ్గా ఉండేట్టు, వారసులకు చిక్కు లేకుండా దక్కేట్టు రాస్తే బ్యాంకు భయం తీరుతుంది. మారాల్సింది బ్యాంకు ఫారం, ఊరి మనసు కాదు.

బ్యాంకు అన్నాను గానీ చాలా ఊళ్లలో శాఖే ఉండదు. పైగా అక్కడ ఇల్లు కట్టడానికి దక్షిణాదిలో అయ్యేదానికి మూడింతలవుతుంది. కట్టాక అమ్మితే కొనేవాడుండడు. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో అయితే ఎల్లోనైఫ్, ఇనువిక్, హే రివర్, ఫోర్ట్ స్మిత్ లాంటి కాసిని చోట్ల తప్ప ఇళ్ల బజారే లేదు. ఖర్చు పెట్టింది ఎక్కువ, కాగితం మీద విలువ తక్కువ. బ్యాంకు ఆ తక్కువ చూసే అప్పిస్తుంది. అందుకని సర్కారు ముందు కట్టాల్సిన సొమ్ముకు, మరమ్మతుకు ఒక రకం అప్పు ఇస్తుంది. ఆ ఇంట్లోనే కాపురముంటే ఏళ్లు గడిచేకొద్దీ మాఫీ అవుతూ పోతుంది. మంచి ఆలోచన. తిరకాసంతా షరతుల్లో. భూమి కాగితం ఉండాలి, బాకీలుండకూడదు, ఇంటికి బీమా ఉండాలంటే? పాత నూనె ట్యాంకు తుప్పుపట్టి ఉంటే బీమా కంపెనీ రానంటుంది. ట్యాంకు మార్చాలంటే సాయం కావాలి, సాయానికి బీమా కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! ట్యాంకులు మార్చుకోవడానికి విడిగా పథకాలు పెట్టారు గనుక ఆ ముడి కొంత వదులైంది. నూనె నేలలోకి కారితే శుభ్రం చేయించడానికి అయ్యే ఖర్చు ముందు కొత్త ట్యాంకు ఖర్చెంత!

ఇంకో మెలిక. ప్రభుత్వపు అద్దె ఇంట్లో అద్దె ఆదాయాన్ని బట్టి ఉంటుంది. నునావుట్‌లో ఏమీ లేనివాడికి నెలకు 60 డాలర్లు. పొయ్యి నూనె, నీళ్ల బండి ఖర్చు సంస్థే చూసుకుంటుంది. ఉద్యోగం వస్తే అద్దె పెరుగుతుంది. సొంతిల్లు కొంటే నూనె, కరెంటు, ట్యాంకరు నీళ్లు, మురుగు బండి, మరమ్మతు, అన్నీ తలమీద పడతాయి. అద్దె ఇంటికీ సొంతింటికీ మధ్య మెట్లు లేవు, గోడ ఉంది. ఇల్లు కొన్నవాడికి మొదటి ఐదారేళ్లు నూనె ఖర్చులో కొంత భరించి, అది మెల్లగా తగ్గిస్తూ పోతే ఎక్కగలుగుతాడు. అతను ఖాళీ చేసిన ఇంట్లోకి ఇంకో కాపురం వస్తుంది. ఖజానాకు కూడా అది నష్టమేమీ కాదు.

ఇక అద్దెకిచ్చేవాళ్లు. అక్కడ వాళ్లు బహు తక్కువ. అద్దె పూర్తిగా కట్టగల నర్సులకు, టీచర్లకు ఉద్యోగంతో పాటే ఇల్లిస్తారు. ఆ ఇళ్లను ప్రభుత్వం ప్రైవేటు యజమానుల దగ్గర ఏళ్ల తరబడి లీజుకు తీసుకుంటుంది. యజమానికి భరోసాగా ఉంటుంది గానీ, బయటివాళ్లకిచ్చే ఇళ్లకే డబ్బంతా పోతే ఊళ్లో పుట్టిన కుర్రాడికి గది దొరకదు. నన్నడిగితే ఆ లీజుల్లో కొన్ని ఊరివాళ్లు కట్టే చిన్న ఇళ్లకే ఇవ్వమంటాను. పదేళ్ల లీజు కాగితం చూపితే అతనికీ అప్పు పుడుతుంది. ఇంకొకటి, నూనె ఖర్చు అద్దెకున్నవాడిదైతే గోడ మందం పెంచడానికి యజమానికి మనసు రాదు. మందం పెంచితే లాభం అవతలివాడిది కదా! ఇలాంటి చోట మరమ్మతు సాయం యజమానికిచ్చి, బదులుగా కొన్నేళ్లు అద్దె పెంచనని రాయించుకుంటే ఇద్దరికీ గిట్టుబాటు. తగువులొస్తే తీర్చడానికి నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో రెంటల్ ఆఫీసరని ఒక అధికారి ఉంటారు. కోర్టులో ఏళ్లు తిరగకుండా మాట వింటారు. అది మనకూ ఉంటే బాగుండు.

2022 అక్టోబరులో నునావుట్ ప్రభుత్వం 2030 నాటికి 3,000 ఇళ్లు కడతామని పథకం ప్రకటించింది. ప్రభుత్వ గృహాలు, ఉద్యోగుల ఇళ్లు, మధ్యతరగతివి, అమ్మేవి, అన్నీ కలిపి. కట్టనివ్వండి, కావలసిందే. "మరి కట్టాక చెడిపోతే ఎవరు చూస్తారు?" అని అమ్మలు మళ్లీ అడుగుతోంది. అదేనమ్మా నేను చెప్పబోయేది. రాంకిన్ ఇన్‌లెట్ అనే ఊళ్లో 2010లో పనుల బడి ఒకటి తెరిచారు. వడ్రంగం, ప్లంబింగ్, కరెంటు పని, నూనె పొయ్యిల రిపేరు నేర్పుతారు. అవి కాక ఇళ్ల నిర్వహణ అని విడిగా ఒక కోర్సుంది. అన్నిట్లోనూ కాస్త కాస్త చెయ్యి తిరిగినవాణ్ణి తయారుచేస్తుంది. చాలా ఊళ్లలో పొయ్యి ఆగిపోతే మనిషి విమానంలో రావాలి. వాతావరణం బాగాలేకపోతే విమానం రాదు. ఈలోగా గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి ఉబ్బి పగులుతాయి. ఇందాక చెప్పుకున్నాంగా, తొమ్మిది శాతం! ఇరవై ఇళ్లు కట్టే బడ్జెట్టులో ఆ బడి నుంచి వచ్చిన ఒకరి జీతం కూడా రాయాలి, పాతికేళ్లకు సరిపడా. ఊరివాడై ఉండాలి, ఏ ఇంటి జాకీ ఏ మూల దిగుతుందో తెలిసినవాడు. ఆ జీతం మాత్రం వేరే ఖాతాలో కాదు, ఇళ్ల ఖాతాలోనే ఉండాలి. వేరే ఖాతాలో పెడితే మొదట కోత పడేది దాని మీదే.